విశాఖలో పెరటి కోళ్ళకి ఏ గూడు కట్టాలి: నేల మీదా, కాళ్ళ మీదా, రెడీమేడా?

పెరట్లో ఆరో ఎనిమిదో కోళ్ళు పెంచుకుందాం అనుకునే విశాఖ వాళ్ళకి నా సలహా ముందే చెప్పేస్తాను. నేల మీద, మనిషి లోపలికి వెళ్ళి నిలబడగలిగే ఎత్తులో, అడుగు ఎత్తు గోడ మీద చుట్టూ మెష్ కొట్టి, కింద ఊక పరిచిన గది కట్టుకోండి. నీళ్ళు నిలిచే చోటు, లేదా రాతి వాలు అయితేనే కాళ్ళ మీద గూడు. రెడీమేడ్ గూడు కోడిపిల్లలు ఎదిగేదాకా పనికొస్తుంది, ఆ తర్వాత కాదు. అయితే పెదవాల్తేరులో సముద్రం పక్కనున్న ఇంటికీ, మధురవాడ కొండవాలులో ఇంటికీ, గాజువాక లోపలి కాలనీలో ఇంటికీ ఒకే రకం సామాను నప్పదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు గాలి. యూట్యూబ్‌లో కనిపించే ముచ్చటైన చెక్క గూళ్ళు చాలావరకు చలిదేశాల వాళ్ళవి, నాలుగు వైపులా పలకలు, పైన చిన్న కిటికీ, లోపల వెచ్చగా ఉండాలని కట్టుకున్నవి. మనకి కావాల్సింది దానికి పూర్తిగా తిరగేసిన గూడు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఊపిరితో పాటు తేమని బయటికి పంపి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. మే నెలలో మన దగ్గర ఎండ విజయవాడంత ఉండదు నిజమే, కానీ గాలి నిండా తేమే కాబట్టి ఎంత రొప్పినా ఒళ్ళు చల్లబడదు. అప్పుడు దాన్ని కాపాడేది కదిలే గాలి ఒక్కటే. దానికి తోడు రెట్టలోంచి అమోనియా వస్తుంది, మూసిన గూట్లో అది కోడి ముక్కు ఎత్తులోనే తిరుగుతూ ఉంటుంది. పొద్దున్నే మీరు తలుపు తీసి కోడి ఎత్తుకి వంగినప్పుడు కళ్ళు మండాయంటే ఆ కోళ్ళు రాత్రంతా అదే పీల్చాయని అర్థం. కాబట్టి ఏ రకం గూడు ఎంచుకున్నా రెండు పొడుగు వైపులూ మెష్‌తో తెరిచి ఉండాలి, వాన కొట్టే రోజుల్లో దించుకోవడానికి ఒక పరదా ఉంటే చాలు. గది పొడవు తూర్పు పడమరలుగా ఉంచితే పొద్దుటి ఎండా సాయంత్రం ఎండా చిన్న వైపులనుంచే పడతాయి, పొడుగు వైపులనుంచి గాలి ఆడుతుంది.

నేల మీద గదికీ కాళ్ళ మీద గూటికీ మధ్యే చాలామంది ఊగుతూ ఉంటారు, కాబట్టి అక్కడ కొంచెం ఆగుదాం. నేల మీద గది అంటే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు అనుకోండి, 32 చదరపు అడుగులు, ఎనిమిది కోళ్ళకి తలా నాలుగు. పగలంతా బయట తిరిగొచ్చి రాత్రి మాత్రమే లోపల ఉండే కోళ్ళకి తలా రెండు చదరపు అడుగులు సరిపోతాయని చెప్తారు, పల్లెలో అది నిజమే. కానీ ఇక్కడ ముసురు పట్టినప్పుడు, వీధి కుక్కలు గుంపుగా తిరుగుతున్నప్పుడు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు రోజంతా మూసే ఉంచాల్సి వస్తుంది, ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. ఈ గదికి ఆనుకుని మెష్ వేసిన ఆవరణ ఒకటి, తలా పది చదరపు అడుగుల లెక్కన ఉంటే చాలు. లోపల నేల చుట్టుపక్కల మట్టి కంటే అర అడుగు ఎత్తు చేసి, గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టి, మీద రెండు మూడు అంగుళాల కాంక్రీటు వేస్తే పందికొక్కు కింద నుంచి తవ్వుకుని రాదు. ఆ కాంక్రీటు మీద మూడు నాలుగు అంగుళాల వరి ఊక. రోజూ కడగాల్సిన పని లేదు, వారానికి ఒకటి రెండు సార్లు కర్రతో తిరగేస్తే చాలు, రెట్ట ఊకలో కలిసి ఎండిపోతుంది, కోళ్ళు కూడా కాళ్ళతో గీరుతూ సగం పని అవే చేస్తాయి.

ఊక సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. గుప్పెడు తీసి గట్టిగా పిండి చెయ్యి తెరవండి. ముద్దగా కొంచెంసేపు నిలబడి వేలితో తాకితే విడిపోతే బాగున్నట్టు. ముద్ద అలాగే అంటుకుని ఉండిపోయిందంటే తడి ఎక్కువైంది, అసలు ముద్దే కాకుండా దుమ్ము రాలిపోతే మరీ ఎండిపోయింది. తడి ఎక్కువైతే అమోనియా ఒక్కటే కాదు సమస్య, కాక్సిడియా సూక్ష్మజీవి పెరిగి రక్త పారుడు పట్టుకుంటుంది, పిల్లలు దానికి తట్టుకోలేవు. వానాకాలంలో నీళ్ళ గిన్నె చుట్టూ ఊక తడిసి గట్టిగా అట్టలా కడుతుంది, ఆ అట్టని తీసి పారేసి కొత్త ఊక వేసి, కొంచెం పొడి సున్నం చల్లి కలిపేయాలి. నీళ్ళ తొట్టి బదులు కోడి ముక్కుతో పొడిస్తేనే చుక్క వదిలే నిప్పుల్ పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు పోతుంది, ఆ ఖర్చుకి మాత్రం వెనకాడకండి.

కాళ్ళ మీద గూడు మంచిదే, దాని సుఖాలు దానికి ఉన్నాయి. మూడడుగుల ఎత్తులో వెదురు బద్దలో చెక్క పట్టీలో అంగుళం సందుతో పరిస్తే రెట్ట కిందకి రాలిపోతుంది, కింద నుంచి కూడా గాలి తగులుతుంది, ఊక కొనే పని ఉండదు. అక్టోబరు నవంబరు వాయుగుండాల్లో పెరడు చెరువయ్యే పల్లపు ఇళ్ళకి వేరే దారి కూడా లేదు. కొండవాలులో రాయి తగిలే చోట చదును చేయించే ఖర్చుతో పోలిస్తే నాలుగు స్తంభాలు దింపడమే చవక. ఇబ్బందల్లా ఏంటంటే రాలిన రెట్ట కింద కుప్ప పడుతుంది, వాన జల్లు దాని మీద పడిందంటే రెండు రోజుల్లో ఈగలు, వారంలో పక్కింటివాళ్ళ ఫిర్యాదు. రెండో రోజుకొకసారి ఎత్తగలిగితేనే ఇది పెట్టుకోండి. ఖర్చు కలిసొస్తుందని కొందరు అడుగున బద్దల బదులు ఇనప మెష్ వేస్తారు, వద్దు. రోజంతా తీగ మీద నిలబడ్డ కోడికి అరికాళ్ళలో పుండ్లు పడతాయి, వనరాజ లాంటి బరువైన జాతి కోళ్ళకి ఇంకా తొందరగా పడతాయి. ఇంకొకటి, మూలనున్న గుడ్డు తీయడానికి, జబ్బు చేసిన కోడిని పట్టుకోవడానికి సగం ఒళ్ళు లోపలికి దూర్చాలి. ఇంట్లో పెద్దవాళ్ళు చూసుకునే కోళ్ళైతే ఈ ఒక్క కారణం చాలు నేల మీద గదికి ఓటు వేయడానికి.

రెడీమేడ్ గూళ్ళ గురించి క్లుప్తంగా. ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు పది కోళ్ళు పడతాయి అని రాస్తారు, మీరు ఆ మాట పక్కన పెట్టి నేల కొలత చూడండి. నాలుగడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు ఉంటే ఎనిమిది చదరపు అడుగులు, అంటే రాత్రి పడుకోవడానికి నాలుగు కోళ్ళు, రోజంతా ఉంచడానికి రెండు. పలచటి ప్లైవుడ్ మన వానకి రెండో ఏడు పొరలు విడిపోతుంది. నెలలోపు పిల్లల్ని బల్బు వేసి పెంచడానికి మాత్రం చక్కగా ఉంటుంది. ఇల్లు అద్దెదైతే కూడా దీని గురించి ఆలోచించొచ్చు, ఖాళీ చేసేటప్పుడు పట్టుకుపోవచ్చు కాబట్టి.

దాబా మీద పెడదామా అని అడిగేవాళ్ళు ఎక్కువే. స్లాబ్ పగలంతా వేడి మింగి రాత్రి వదులుతుంది, కోడి తేరుకోవాల్సిన టైమ్‌లోనే కింద నుంచి సెగ తగులుతుంది. ఊక కొట్టుకొచ్చి వాన గొట్టాల్లో అడ్డుపడుతుంది, గాలి తీవ్రత కింద కంటే ఎక్కువ. సొంత ఇల్లై, పైన రేకుల షెడ్డు ఇప్పటికే ఉండి, నాలుగు పెట్టలకి మించకపోతే సరే. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద మాత్రం వద్దే వద్దు.

ఇక సామాను. ఇక్కడ సముద్రానికి మీరు ఎంత దగ్గర అన్నదే లెక్క. ఎంవీపీ, పెదవాల్తేరు, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి వైపు ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదు. రెడ్ ఆక్సైడ్ ఒక పూత, మీద రంగు ఒక పూత వేసిన ఇనప యాంగిల్ అక్కడ వెల్డింగ్ అతుకుల దగ్గర ఊడటం మొదలుపెడుతుంది, ఏటా గీకి రంగు వేసే ఓపిక ఉంటేనే పెట్టుకోవాలి. అక్కడ నా ఓటు సరుగుడు బాదులకి. మన తీరమంతా సరుగుడు తోటలే కాబట్టి దొరకడం కష్టం కాదు, ఉప్పుకి భయపడదు, వడ్రంగి లేకుండా ఇంట్లో వాళ్ళే కట్టుకోవచ్చు. దాని శత్రువు చెద. మట్టిలో నేరుగా పాతకుండా కాంక్రీటు దిమ్మలో ఇనప పట్టీ పెట్టి దానికి బాదుని బోల్టుతో బిగిస్తే, చెద పైకి పాకినా మట్టి గొట్టం దిమ్మ మీద కంటికి కనిపిస్తుంది, గీకేయొచ్చు. వెదురు ఇంకా చవక, కానీ పురుగు తొలిచి పిండి రాలుతుంది, రెండు మూడేళ్ళకి మార్చుకోవాలనే లెక్కతోనే కట్టాలి. గోపాలపట్నం, పెందుర్తి లాంటి లోపలి ప్రాంతాల్లో జీఐ (జింకు పూత ఇనుము) పైపు ఫ్రేము సుఖం, గాజువాక ఆటోనగర్ వైపైతే కొలత ఇస్తే వెల్డింగ్ చేసేవాళ్ళు దగ్గర్లోనే దొరుకుతారు. కింద అడుగు ఎత్తు గోడకి ఎక్కడైనా బొగ్గు బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకే బాగుంటుంది, పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం పుణ్యాన మన దగ్గర అది కొరత లేని వస్తువు.

డబ్బు ఎక్కడ తగ్గించినా మెష్ దగ్గర తగ్గించకండి. షాపులో కోళ్ళ మెష్ అంటే ఆరు పలకల సన్నతీగ వల చూపిస్తారు. అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది, కుక్క లోపలికి రాకుండా ఆపలేదు, పళ్ళతో పట్టి లాగితే చిరుగుతుంది. కావాల్సింది వెల్డెడ్ మెష్, కింద మూడడుగుల దాకా అర అంగుళం గళ్ళు, పైన అంగుళం గళ్ళైనా ఫరవాలేదు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుపెట్టుకుని బేరం చేయండి. కొనేముందు రెండు తీగలు కలిసే అతుకుని వెలుతురులో దగ్గరగా పెట్టుకుని చూడండి. అక్కడ కాలినట్టు నల్లటి చుక్క ఉంటే ముందు జింకు పూసిన తీగని తర్వాత అతికించారన్నమాట, ఉప్పుగాలికి మొదట తెల్లటి పొడి, తర్వాత తుప్పు ఆ చుక్క దగ్గరే పుడతాయి. అతుకు చుట్టూ మూలల్లో జింకు ముద్దగా నిండి వెండిలా ఉంటే అతికించాక పూత పూసింది, ధర ఎక్కువైనా బీచ్ వైపు వాళ్ళు అదే తీసుకోవాలి, లేదంటే పీవీసీ పూత ఉన్నది. గోడ బయట నేల మీద అడుగున్నర వెడల్పు మెష్ పడుకోబెట్టి మీద మట్టి కప్పేస్తే తవ్వే కుక్క, ముంగిస అక్కడే ఆగిపోతాయి.

ఆవరణ పైకప్పుకి మాత్రం ఖరీదైన మెష్ అక్కర్లేదు. గద్దల్ని ఆపడానికి నైలాన్ చేపల వల చాలు, తుప్పు సమస్యే ఉండదు, మన ఊళ్ళో పాత వల దొరకడం కష్టం కాదు. కానీ ఆ వలని నేల దాకా దించకండి, పాములు దాంట్లో చిక్కుకుంటాయి, చిక్కిన నాగుపాముని విడిపించే పని ఎవరికీ రాకూడదు. కంబాలకొండ అడవి అంచున ఆరిలోవ, ఎండాడ, మధురవాడ వైపు ఇళ్ళకి పాము, ముంగిస, మానుపిల్లి మూడూ మామూలే, అక్కడ పైకప్పుకీ గోడకీ మధ్య సందు కూడా అర అంగుళం మెష్‌తోనే మూయాలి. తలుపుకి ఒట్టి గొళ్ళెం చాలదు, కుక్క ఊపేకొద్దీ జారి వచ్చేస్తుంది, గొళ్ళేనికి చిన్న తాళమో స్ప్రింగ్ కొక్కెమో తగిలించండి.

పైకప్పు విషయంలో విశాఖ వాళ్ళకి హుద్‌హుద్ తుపాను గుర్తుచేస్తే చాలు. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతంలో వీచిన గాలికి రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. అంత గాలికి ఆగే కోళ్ళ గది కట్టమని కాదు, ఎగిరి పక్కింటి మీద పడకుండా కట్టమని. రేకు ఏదైనా ప్రతి దూలం దగ్గరా జె హుక్కు, వాషరుతో సహా బిగించాలి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని దిమ్మకి బోల్టు చేయాలి, ఒక్క అంచె వదులైనా మిగతావి బిగించి ప్రయోజనం లేదు. జీఐ రేకు తేలిక, కానీ ఎండకి పెనంలా కాలుతుంది. సిమెంట్ రేకు కొంచెం చల్లన, కానీ కోసేటప్పుడు వచ్చే పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పీల్చకూడదు, కొలతకి సరిపోయే రేకు కొని కోత లేకుండా వేయించుకోండి. తాటాకు కప్పు అన్నిటికన్నా చల్లన, అయితే ఎలుకలకీ పాములకీ కూడా ఇష్టమే, రెండేళ్ళకోసారి మార్చాలి. నా ఎంపిక సిమెంట్ రేకు, వేసవిలో మాత్రం దాని మీద కొబ్బరాకులో తాటాకులో పరిచి తాడుతో కట్టి, మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు చల్లడం, తుపాను కబురు రాగానే ఆ ఆకులు దించేయడం. చూరు గోడ దాటి మూడడుగులు బయటికి రావాలి. మన వాన నిటారుగా కురవదు, గాలితో పక్కనుంచి కొడుతుంది, చూరు పొట్టిదైతే ఊకంతా తడిసిపోతుంది.

గూడు కట్టే ముందే ఏ కోళ్ళో తేల్చుకోండి, కొలతలు దాన్ని బట్టి మారతాయి. వనరాజ, గ్రామప్రియ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ, పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 దాకా పెడుతుంది, అంటే ఆరు పెట్టలుంటే రోజుకి మూడుకి కాస్త అటూ ఇటూ. మాంసం కూడా కావాలంటే వనరాజ, గుడ్లు వంద, నూట పది దగ్గర ఆగుతాయి. వనరాజ బరువైనది, పెద్దగా ఎగరదు, రాత్రి ఎక్కి కూర్చునే కర్ర రెండడుగుల ఎత్తు దాటితే దూకేటప్పుడు కాళ్ళు దెబ్బతింటాయి. నాటుకోడి అయితే ఆరడుగుల ప్రహరీ మీదికి కూడా సునాయాసంగా ఎగురుతుంది, పైన వల లేకుండా కుదరదు, పందెం జాతి అయిన అసీల్ పుంజులు రెండున్నాయంటే గదిలో అడ్డుగోడ తప్పదు. కర్ర పొడవు కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాలు, గుడ్లు పెట్టడానికి నాలుగైదు పెట్టలకి ఒక అడుగు చదరపు పెట్టె, అది కర్ర కంటే కిందే ఉండాలి, లేకపోతే రాత్రి అందులోనే పడుకుని రెట్టతో నింపేస్తాయి.

పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, పిల్లలు రావు అంతే. ఇళ్ళు ఒకదానికొకటి అతుక్కున్న కాలనీల్లో ఆ తెల్లవారుజాము కూత వల్ల పక్కింటి వాళ్ళతో పాడైన సంబంధం బాగుపడటం కష్టం, కాబట్టి ఊళ్ళో పెట్టలే మేలు. గూడు ఎక్కడ పెడుతున్నారో, గాలి ఎటు వీస్తుందో ముందే వాళ్ళకి చెప్పి, వాళ్ళ కిటికీకి ఎదురుగా లేకుండా చూసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన దగ్గర్నుంచి జనం అడిగే ప్రశ్నలు కూడా పెరిగాయి. మేత, నీళ్ళు కప్పు కిందే పెడుతున్నామని, కాకులూ కొంగలూ వాటిని ముట్టవని చూపించగలిగితే వాళ్ళకీ ధైర్యం, మీ కోళ్ళకీ మంచిది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలంటే తుపాన్ల సీజను వెళ్ళాక, డిసెంబరులో. ఇటుకలు, సిమెంటు, మెష్ పని పదిహేను ఇరవై రోజుల్లో నిదానంగా అయిపోతుంది, కాంక్రీటు కనీసం వారం రోజులు తడపడం మర్చిపోకండి. జనవరిలో పిల్లల్ని తెచ్చుకుంటే ఎండలు ముదిరేలోపు ఈకలు వచ్చి నిలదొక్కుకుంటాయి, గ్రామప్రియ అయితే జూన్ జూలైకి మొదటి గుడ్డు చూడొచ్చు. కొక్కెర తెగులుకి (రాణీఖెట్ జబ్బు) మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా ఇంజెక్షన్ తప్పనిసరి. కొనే చోట ఏది వేశారో తేదీతో సహా అడిగి రాసుకుని, మిగిలినవి దగ్గర్లోని పశువైద్యశాలలో ఎప్పుడు వేస్తారో ముందే కనుక్కోండి, ఒక సీసాలో మందు చాలా కోళ్ళకి వస్తుంది కాబట్టి చుట్టుపక్కల పెంచేవాళ్ళు ఉంటే అందరూ ఒకే రోజు వేయించుకోవచ్చు.